ఉక్కు చల్లారే వేగం: కోనసముద్రం మూసల నుంచి మన ఇంటి టీఎంటీ రాడ్ దాకా

ఈ ఎపిసోడ్‌లో ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. ఒకే ఉక్కు కడ్డీని రెండు ముక్కలు చేశాం అనుకోండి. రెండింటినీ ఒకే కొలిమిలో, ఒకే రంగు వచ్చేదాకా ఎర్రగా కాల్చాం. ఒక ముక్కని బూడిదలో కప్పెట్టి రాత్రంతా వదిలేశాం. రెండోదాన్ని బయటికి తీసిన వెంటనే నీళ్లలో ముంచాం. పొద్దున్నే రెండూ చేతిలోకి తీసుకుంటే చూడ్డానికి ఒకేలా ఉంటాయి. కానీ మొదటిదాని మీద ఆకురాయి హాయిగా అరుగు తీస్తుంది, సుత్తితో కొడితే వంగుతుంది. రెండోదాని మీద ఆకురాయి జారిపోతుంది, గట్టిగా కొడితే గాజులా పగులుతుంది.

కొత్తగా మనం కలిపింది ఏమీ లేదు, తీసేసింది కూడా ఏమీ లేదు. ల్యాబ్‌కి పంపితే రెండింట్లోనూ అదే ఇనుము, అదే కార్బన్ శాతం అని రిపోర్ట్ వస్తుంది. మరి తేడా ఎక్కడుంది?

నేను బీటెక్ చదివింది కంప్యూటర్ సైన్స్. ఫస్ట్ ఇయర్ వర్క్‌షాప్‌లో కొలిమి దగ్గర నిలబడి ఒక కడ్డీని వంచాం, మార్కులు వేయించుకున్నాం, అంతే. ఎందుకు అని అడగలేదు, ఎవరూ చెప్పలేదు. తర్వాత ఈ ఛానెల్ కోసం చదవడం మొదలుపెట్టాక తెలిసిందేంటంటే, ఈ 'ఎందుకు' అన్నదానికి జవాబు దొరకడానికి ప్రపంచానికి దాదాపు నూట ముప్పై ఏళ్లు పట్టింది. ఆ వెతుకులాట మొదలవడానికి కారణమైన ఉక్కు వెళ్లింది మన దక్షిణ భారతం నుంచి.

ముందు వంటింట్లోకి వెళ్దాం

చరిత్రలోకి వెళ్లేముందు ఒక్క నిమిషం నెయ్యి గురించి మాట్లాడుకుందాం. వెన్న కాచి దించాక గిన్నెని కదపకుండా గది వేడిలోనే నిదానంగా చల్లారనిస్తే నెయ్యి పూస కడుతుంది. అదే నెయ్యిని వేడి తగ్గగానే ఫ్రిజ్‌లో పెట్టేస్తే పూస రాదు, నున్నగా గడ్డ కడుతుంది. రెండూ ఒకే పాల నెయ్యి. నిదానంగా చల్లారినప్పుడు లోపలి కొవ్వు ఒక్కోచోట చేరి పెద్ద పూసలుగా పెరగడానికి టైమ్ దొరుకుతుంది. తొందరపెడితే ఆ టైమ్ దొరకదు.

ఉక్కులో జరిగేదీ దాదాపు ఇలాంటిదే. పెద్ద తేడా ఒకటుంది: నెయ్యి ద్రవం నుంచి గడ్డ కడుతుంది, ఉక్కులో ఈ మార్పంతా గట్టి లోహం లోపలే జరుగుతుంది. బయటికి కడ్డీ ఆకారం మారదు. లోపల మాత్రం కాపురాలన్నీ మారిపోతాయి.

కోనసముద్రంలో డాక్టర్ వాయ్సీ చూసినది

ఇప్పుడు 1820ల దగ్గరికి వెళ్దాం. ఇవాళ్టి నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం అని ఒక ఊరు. అప్పుడది నిజాం రాజ్యం. కర్నల్ లాంబ్టన్ నడిపిన గ్రేట్ ట్రిగొనొమెట్రికల్ సర్వేలో హెన్రీ వాయ్సీ అని ఒక డాక్టర్ ఉండేవాడు, భూగర్భ శాస్త్రం కూడా తెలిసినవాడు. ఆయన ఈ ఊళ్లో ఉక్కు చేసే పద్ధతి దగ్గరుండి చూసి రాసుకున్నాడు. ఆయన 1824లో చనిపోయాడు. ఆ రాత 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ జర్నల్‌లో అచ్చయింది.

అందులో ఉన్నది క్లుప్తంగా చెప్తాను. వేరు వేరు ఊళ్ల నుంచి వచ్చిన రెండు రకాల ఇనుముని ఒక లెక్క ప్రకారం కలిపి మట్టి మూసలో పెట్టి, కొలిమిలో కనీసం 24 గంటలు తిత్తులు ఊదుతూ కరిగిస్తారు. మంట తగ్గాక మూసని నేలమీద పెట్టి చల్లారనిస్తారు. పగలగొడితే లోపల ఒక ఉక్కు బిళ్ల ఉంటుంది. సగటు బరువు ఒకటిన్నర పౌండు, అంటే మన లెక్కలో సుమారు 680 గ్రాములు. అది ఎంత గట్టిగా ఉంటుందంటే, అలాగే సుత్తి కిందికి తీసుకెళ్లే వీల్లేదు.

ఇక్కడినుంచి జాగ్రత్తగా వినండి. ఆ బిళ్లకి మట్టి పూసి మళ్లీ కొలిమిలో 12 నుంచి 16 గంటలు ఉంచుతారు. తీసి చల్లారుస్తారు. మళ్లీ పెడతారు. ఇలా మూడు నాలుగు సార్లు, సాగగొట్టడానికి తగినంత మెత్తబడేదాకా చేస్తారు. అంటే కరిగించడానికి ఒక రోజు పడితే, వేడి చేసి చల్లార్చడానికే రెండు రోజులో అంతకంటే ఎక్కువో పడుతోంది! పనిలో పెద్ద భాగం అదే.

ఆ బిళ్లల్ని కొనడానికి పర్షియా నుంచి వ్యాపారులు అక్కడికే వచ్చేవాళ్లు. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఒక వ్యాపారి ఆ ఊళ్లో ఉండి తన ముందే సరుకు తూకం వేయించుకోవడం గురించి కూడా వాయ్సీ రాశాడు. ఈ బిళ్లలే పర్షియా, ఇంకా ఆ చుట్టుపక్కల దేశాలకి వెళ్లి, నీళ్ల అలల్లాంటి గీతలున్న కత్తులుగా మారేవి. యూరప్‌వాళ్లు వాటిని డమాస్కస్ కత్తులు అన్నారు.

దక్షిణాదిలో వేరే చోట్ల, ముఖ్యంగా మైసూరు, సేలం వైపు, మూసలో ఇనుముతోపాటు ఎండిన తంగేడు కట్టె, జిల్లేడు ఆకులు వేసి మూత మూసేవాళ్లని అప్పటి రాతల్లో ఉంది. తంగేడు అంటే తెలంగాణ రాష్ట్ర పువ్వు, మన బతుకమ్మలో పేర్చే తంగేడే. ఆ కట్టె మూసలో బొగ్గయి ఇనుములోకి కార్బన్‌ని ఎక్కిస్తుంది.

లండన్‌కి చేరిన 'ఊట్జ్'

1794లో బొంబాయి నుంచి డాక్టర్ హెలీనస్ స్కాట్ ఈ ఉక్కు నమూనాలని లండన్‌లో రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కి పంపాడు. 1795లో జార్జ్ పియర్సన్ దాని మీద పేపర్ చదివాడు. అందులో దాని పేరు 'ఊట్జ్'. మన 'ఉక్కు'నే వాళ్లు అలా రాసుకున్నారని ఎక్కువమంది పండితుల మాట. తెలుగులో, కన్నడంలో ఇప్పటికీ అదే మాట వాడుతున్నాం.

యూరప్ కమ్మరులు ఆ బిళ్లని తమ అలవాటు ప్రకారం బాగా తెల్లబడేదాకా కాల్చి సుత్తితో కొడితే అది ముక్కలు ముక్కలైపోయింది. ఇంత మంచి ఉక్కు అంటారు, కొడితే పొడి అవుతోంది, ఏంటిది అని తల పట్టుకున్నారు. ఇందులో ఏదో కలిపారు, ఆ రహస్య పదార్థం ఏంటో కనిపెడితే చాలు అనుకున్నారు.

ఆ వెతుకులాటలో దిగినవాళ్లలో మైకేల్ ఫారడే ఒకడు. అవును, మన కరెంటు ఫారడేనే. ఆయన తండ్రి కమ్మరి. 1819 నుంచి జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారుతో కలిసి ఈ ఉక్కుని పరీక్షించాడు. ఇందులో అల్యూమినా, సిలికా ఉండటం వల్ల ఈ గుణం వచ్చిందేమో అనుకున్నాడు. అది తప్పని తర్వాత తేలింది. కానీ ఆ దారిలో వెండి, ప్లాటినం లాంటివి ఉక్కులో కలిపి చూశాడు. ఇవాళ్టి అల్లాయ్ స్టీల్ పరిశోధనకి అదొక తొలి మెట్టు.

పారిస్ టంకశాలలో పనిచేసే బ్రెయాన్ 1820లలో అసలు విషయానికి దగ్గరికొచ్చాడు. ఇందులో కార్బన్ ఎక్కువగా ఉంది, నిదానంగా చల్లారడం వల్ల లోపల రెండు రకాల పదార్థాలు విడివిడిగా ఏర్పడుతున్నాయి, గీతలు అవే అన్నాడు. రష్యాలో ఉరల్ కొండల్లోని జ్లాతొఉస్త్‌లో పావెల్ అనోసోవ్ 1831లోనే ఉక్కు పైభాగాన్ని మైక్రోస్కోప్‌తో చూశాడు, ఏళ్ల తరబడి ప్రయత్నించి 1841లో తన ఫలితాలు అచ్చువేశాడు. అంటే ఏం కలిపారు అన్న ప్రశ్న మెల్లగా, ఎలా చల్లార్చారు అన్న ప్రశ్నగా మారుతోంది.

పేలిపోయిన ఫిరంగులు

ఆ ప్రశ్న ప్రాణాల మీదికి వచ్చింది ఫిరంగుల దగ్గర. 1860లలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని ఒబుఖోవ్ ఫ్యాక్టరీలో చేసిన ఉక్కు ఫిరంగులు కొన్ని పరీక్షల్లోనే పేలిపోయేవి. అదే ఉక్కుతో చేసిన ఇంకొన్ని బాగానే ఉండేవి. దిమిత్రి చెర్నోవ్ అనే యువ ఇంజనీర్ విరిగిన ముక్కల్ని పరిశీలించాడు. పగిలినవాటి లోపల రవ్వ ముతకగా ఉంది, నిలబడినవాటిలో సన్నగా ఉంది.

ఉక్కుని కాల్చిన వేడిని బట్టి, చల్లార్చిన తీరుని బట్టి రవ్వ మారుతోందని ఆయన 1868లో రష్యన్ టెక్నికల్ సొసైటీ ముందు చెప్పాడు. థర్మామీటర్ పనికిరాని వేడి అది, కాబట్టి రంగుని బట్టి రెండు గుర్తులు పెట్టాడు. ఒక ఎరుపు దాటకపోతే ఆ ఉక్కుని ఎంత తొందరగా చల్లార్చినా గట్టిపడదు. ఇంకో వేడి దాటితే పాత ముతక రవ్వ పోయి కొత్త సన్న రవ్వ వస్తుంది. మన ఊరి కమ్మరి కూడా కొడవలికి పదును పెట్టేటప్పుడు రంగు చూసే ముంచుతాడు కదా. చెర్నోవ్ ఆ కంటి లెక్కకి ఒక సిద్ధాంతం ఇచ్చాడు.

సరిగ్గా ఆ కాలంలోనే, 1863–64లో, షెఫీల్డ్‌లో హెన్రీ సోర్బీ ఉక్కు ముక్కని అద్దంలా మెరుగుపెట్టి, పలచటి యాసిడ్ రాసి మైక్రోస్కోప్ కింద పెట్టాడు. యాసిడ్ ఒక్కో భాగాన్ని ఒక్కోలా తింటుంది, దాంతో లోపలి నిర్మాణం బయటపడింది. అందులో ఒక భాగం ముత్యపు చిప్పలా మెరిసింది. అందుకే తర్వాత దానికి పెర్లైట్ అని పేరొచ్చింది. ఉక్కుకి రాజధాని లాంటి షెఫీల్డ్‌లో ఉండి కూడా, ఈ పనిని దాదాపు ఇరవై ఏళ్లు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు!

కార్బన్‌కి టైమ్ దొరికితే, దొరక్కపోతే

ఇప్పుడు అసలు మెకానిజం. ఇనుము అణువులు వేడిని బట్టి తమ అమరిక మార్చుకుంటాయి. బాగా వేడి మీద ఉన్న అమరికని ఆస్టెనైట్ అంటారు. అందులో కార్బన్ అణువులు ఇరుక్కోవడానికి చోటు ఎక్కువ, 2 శాతం దాకా పడతాయి. చల్లారాక వచ్చే అమరిక ఫెర్రైట్. అందులో 0.02 శాతం మించి పట్టదు. ఈ మార్పుకి గీత 727 డిగ్రీల సెల్సియస్.

అంటే 727 దాటి కిందికి దిగేటప్పుడు కార్బన్‌కి ఇల్లు ఖాళీ చేయమని నోటీసు వచ్చినట్టే. టైమ్ ఉంటే అది బయటికి నడిచి ఇనుముతో కలిసి సిమెంటైట్ అనే గట్టి పదార్థం అవుతుంది. మెత్తటి ఫెర్రైట్ పొర, గట్టి సిమెంటైట్ పొర, మళ్లీ ఫెర్రైట్, ఇలా కాజా మడతల్లా పేరుకుంటాయి. సోర్బీకి ముత్యంలా మెరిసింది ఈ మడతలే. ఎంత నిదానంగా చల్లారితే మడతలు అంత మందం, ఉక్కు అంత మెత్తన. కాస్త తొందరగా, గాలిలో చల్లారితే మడతలు సన్నబడతాయి, ఉక్కు బలంగా అవుతుంది.

నీళ్లలో ముంచితే? కార్బన్‌కి కదిలే టైమే లేదు. ఇనుము అమరిక మారాలని చూస్తుంది, కార్బన్ మధ్యలో ఇరుక్కుపోయి ఉంటుంది. ఆ ఒత్తిడితో అమరిక సాగిపోయి వంకరగా బిగుసుకుంటుంది. అదే మార్టెన్సైట్, జర్మన్ శాస్త్రవేత్త అడాల్ఫ్ మార్టెన్స్ పేరు మీద. అణువులు పక్కకి జరగడానికి వీల్లేనంత బిగువు, అందుకే అంత గట్టి, అందుకే అంత పెళుసు. దాన్ని మళ్లీ కొంచెం వేడి చేస్తే, అంటే 200 నుంచి 600 డిగ్రీల మధ్య, కొంత కార్బన్ బయటపడి పెళుసు తగ్గుతుంది. దీన్నే టెంపరింగ్ అంటారు.

ఈ లెక్కకి గడియారం తగిలించింది అమెరికాలో ఎడ్గర్ బెయిన్, ఎడ్మండ్ డావెన్‌పోర్ట్. 1930లో అచ్చయిన వాళ్ల ప్రయోగం ఐడియా చాలా సింపుల్. పలచటి ఉక్కు ముక్కల్ని కాల్చి, ఒక ఫిక్స్‌డ్ వేడిలో ఉన్న కరిగిన సీసంలో వేస్తారు. కొన్ని సెకన్లో, నిమిషాలో ఉంచి వెంటనే చల్లార్చేస్తారు. అప్పటిదాకా మారని భాగమంతా మార్టెన్సైట్ అవుతుంది, కాబట్టి ఎంత మారిందో మైక్రోస్కోప్‌లో తెలిసిపోతుంది. ఆ లెక్కలన్నీ గ్రాఫ్ మీద పెడితే ముక్కులా ముందుకి పొడుచుకొచ్చిన గీత వచ్చింది.

0.8 శాతం కార్బన్ ఉన్న మామూలు ఉక్కులో ఆ ముక్కు సుమారు 540 డిగ్రీల దగ్గర, ఒక సెకను ప్రాంతంలో ఉంటుంది. ముక్కే ఎందుకు? 727కి కొంచెం కింద కార్బన్ బాగా కదలగలదు, కానీ మారాలన్న తొందర ఇంకా లేదు. బాగా కిందికి దిగితే తొందర ఉంది, కదిలే ఓపిక లేదు. రెండూ ఉన్న చోటు మధ్యలో, అక్కడే పని చకచకా అవుతుంది. ఆ ముక్కుని తాకకుండా దాని ముందునుంచి కిందికి దూకేయగలిగితే మార్టెన్సైట్, తగిలితే పెర్లైట్. ముక్కు కింద, మధ్య వేడిలో వచ్చే ఇంకో నిర్మాణానికి బెయిన్ పేరుతోనే బెయినైట్ అని పేరు పెట్టారు.

మళ్లీ ఆ మట్టి పూసిన బిళ్ల దగ్గరికి

ఈ జ్ఞానంతో వాయ్సీ రాసింది మళ్లీ చదవండి. మన ఉక్కు బిళ్లల్లో కార్బన్ 1 నుంచి 2 శాతం. ఇంత కార్బన్ ఉంటే 727 రాకముందే ఎక్కువైన సిమెంటైట్ రవ్వల చుట్టూ గోడల్లా పేరుకుంటుంది. ఆ గోడల వెంట ఉక్కు పగులుతుంది. 12 గంటలు, 16 గంటలు, మళ్లీ మళ్లీ వేడిలో ఉంచితే ఆ గోడలు తెగి గుండ్రటి చుక్కలుగా మారతాయి. అప్పుడే అది సుత్తి దెబ్బ ఓర్చుకుంటుంది. యూరప్ కమ్మరులు వదిలేసింది ఈ మెట్టు. పైగా వాళ్లు తెల్లటి వేడి మీద కొట్టారు, దీన్ని కొట్టాల్సింది ఎరుపు మీద.

1998లో అమెరికాలో జాన్ వెర్‌హోవెన్ అనే ప్రొఫెసర్, ఆల్ఫ్రెడ్ పెండ్రే అనే కత్తులు చేసే కమ్మరి కలిసి ఇంకో ముడి విప్పారు. ముడి ఇనుములో అతి తక్కువగా ఉండే వెనేడియం లాంటి మూలకాలు, మళ్లీ మళ్లీ కాల్చి చల్లార్చేటప్పుడు సిమెంటైట్ చుక్కల్ని వరసల్లో నిలబెడతాయి, కత్తి మీద అలలు అవే అని చూపించారు. వేడి హద్దు దాటితే చుక్కలు కరిగి అలలు మాయం. ఏ ఊరి ఇనుము, ఎంత వేడి, ఎన్నిసార్లు: మూడూ కుదిరితేనే ఆ కత్తి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. 2006లో జర్మనీలోని డ్రెస్డెన్ శాస్త్రవేత్తలు 17వ శతాబ్దపు డమాస్కస్ కత్తి ముక్కలో కార్బన్ నానోట్యూబులు కనిపించాయని నేచర్ పత్రికలో రాశారు. అప్పటినుంచి 'మన పూర్వీకులకి నానోటెక్నాలజీ తెలుసు' అని ఫార్వర్డ్‌లు తిరుగుతూనే ఉన్నాయి. నాకు ఇది నచ్చదు. కోనసముద్రం కమ్మరికి నానోట్యూబ్ తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఆయనకి తెలిసింది వేడి, టైమ్, రంగు, చప్పుడు. లేని గొప్పని అంటగడితే ఉన్న గొప్ప కనిపించకుండా పోతుంది. ఫ్యాక్టరీలు గ్రాఫులు గీసి నేర్చుకున్నదాన్ని ఆ మనుషులు చేతులతో పట్టుకున్నారు, అది చాలదా?

మరి ఆ విద్య ఏమైంది? 1856లో బెస్సెమర్ పద్ధతి వచ్చింది. ముప్పావు కిలో కూడా లేని బిళ్ల ఎక్కడ, ఒక్క ఊపులో టన్నులు టన్నులుగా వచ్చే చౌక ఉక్కు ఎక్కడ? బొగ్గుకి కావాల్సిన అడవుల మీద ఆంక్షలు వచ్చాయి, కత్తుల కాలం పోయి తుపాకులు వచ్చాయి. 19వ శతాబ్దం ముగిసేసరికి కొలిములు దాదాపు చల్లారిపోయాయి. ఆ పద్ధతిని ఆ కమ్మరులు తమ మాటల్లో చెప్తుంటే రాసుకున్నవాళ్లు దాదాపు లేరు. కొందరు ప్రయాణికుల కొన్ని పేజీలు మిగిలాయి. సోర్స్ కోడ్ పోయి యూజర్ రివ్యూ మాత్రమే మిగిలినట్టు. మిగతాది నేల చెప్పాలి. 2010లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగళూరు నియాస్ పరిశోధకులు ఉత్తర తెలంగాణ ఊళ్లలో తిరిగి చిట్టెం కుప్పల్ని, మూస పెంకుల్ని నమోదు చేశారు. పొలం చదును చేసేటప్పుడు ఆ నల్లటి చిట్టెం దిబ్బని చెత్త అనుకుని ట్రాక్టర్‌తో ఎత్తి పోస్తే, పోయేది ఆ విద్యకి మిగిలిన ఆఖరి పేజీలు. మీ ఊళ్లో ఉంటే దయచేసి కదపకండి.

మీ ఇంటి పిల్లర్‌లో

చివరిగా ఇవాళ్టికి వద్దాం. ఇల్లు కట్టే ప్రతి ఒక్కరూ వినే మాట టీఎంటీ. దీని కథంతా చల్లార్చడమే. రోలింగ్ మిల్లు నుంచి రాడ్ సుమారు 950–1000 డిగ్రీల వేడితో బయటికి రాగానే దాన్ని నీటి ధారల మధ్యనుంచి లాగుతారు. కొద్ది క్షణాల్లో పైపొర మార్టెన్సైట్ అయిపోతుంది, నడుమ ఇంకా ఎర్రగానే ఉంటుంది. నీళ్లనుంచి బయటపడ్డాక లోపలి వేడి బయటికి పాకి, సుమారు 600 డిగ్రీల దగ్గర ఆ పైపొరని తనే టెంపర్ చేస్తుంది. తర్వాత నడుమ భాగం నిదానంగా చల్లారి ఫెర్రైట్, పెర్లైట్ అవుతుంది. ఒకే రాడ్‌లో బయట గట్టి తొడుగు, లోపల సాగే గుండె. అడ్డంగా కోసి, మెరుగుపెట్టి, నైట్రిక్ యాసిడ్ కలిపిన ఆల్కహాల్ రాస్తే ఆ తొడుగు నల్లటి ఉంగరంలా కనిపిస్తుంది. అదే సోర్బీ టెక్నిక్.

ఇప్పుడు సైట్లో జరిగేది చూడండి. లావు రాడ్ వంగట్లేదని గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి వంచేస్తారు. అలా చేశారంటే ఆ వంపు దగ్గర ఉంగరం పోయినట్టే. 727 దాటి కాల్చి గాలికి వదిలేస్తే తొడుగు కూడా మళ్లీ మెత్తటి ఫెర్రైట్, పెర్లైట్ అవుతుంది. రాడ్ మీద ఎఫ్‌ఈ 500డి అని ముద్ర అలాగే ఉంటుంది, దాని వెనకున్న బలం ఉండదు. పైగా వంపులు ఉండేది ఎక్కువగా పిల్లర్, బీమ్ కలిసే చోట. ఇంటికి బలం కావాల్సింది సరిగ్గా అక్కడే. కాబట్టి మీ మేస్త్రీకి ఒక్క మాట చెప్పండి: రాడ్‌ని చల్లగానే, సరైన వంపుతో, మెషీన్ మీద వంచమనండి. కాల్చొద్దనండి.

ఎందుకు అని అడిగితే ఈ కథ చెప్పండి. కోనసముద్రంలో మట్టి పూసి పదహారు గంటలు ఆగిన కమ్మరి కథ. ఉక్కు తను పడిన ప్రతి వేడినీ, చల్లారిన ప్రతి తీరునీ లోపల రాసి పెట్టుకుంటుంది. ఆఖరిసారి కాల్చి చల్లార్చింది ఎవరో, దాని బలం వాళ్ల చేతిలోదే.

ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు మీకు తెలిసి ఉంటే ఇది వాళ్లకి పంపండి.